హాస్య రచనకు తొలి వాకిలి

పాఠ్యభాగ పరిచయం

ఈ పాఠం వ్యాస ప్రక్రియకు చెందినది. టెలివిజన్‌కు హాస్యం రాయగోరే కొత్త రచయితలు ఆ రంగంలోకి ఎలా ప్రవేశిస్తారు, వారికోసం ప్రసార సంస్థలు ఏర్పరచిన పథకాలు ఎలా పనిచేస్తాయి అన్నది ఇందులోని ప్రధాన విషయం. ఇటువంటి ఏర్పాట్లకు సుదీర్ఘ చరిత్ర ఉన్న బ్రిటన్ దేశపు అనుభవాన్ని ఆధారం చేసుకొని ఈ వ్యాసం సాగుతుంది.

పాఠం

రసాలు ఎనిమిది అని చెప్పిన భరతముని శృంగారం వెనువెంటనే హాస్యాన్ని నిలిపాడు. అంతటితో ఆగక నవ్వును ఆరు విధాలుగా విభజించాడు. పెదవి కదలీ కదలని స్మితం, దంతాలు లీలగా కనిపించే హసితం ఉత్తముల నవ్వులు. విహసితం, ఉపహసితం మధ్యములవి. అపహసితం, అతిహసితం అధములవి. కళ్ల వెంట నీళ్లు కారగా పక్కలు పట్టుకొని నవ్వే అతిహసితాన్ని ఆయన చివరి మెట్టు మీద కూర్చోబెట్టాడు. నవ్వును గురించి ఇంత నిశితంగా విచారించిన శాస్త్రం, నవ్వించే రచయిత రంగస్థలం దాకా ఎలా చేరుకోవాలో మాత్రం చెప్పలేదు. అది శాస్త్రకారుని పని కాదని ఆయన భావించి ఉండవచ్చు.

ఒకనాడు ఈ ఆరు భేదాలను తరగతిలో వివరిస్తుండగా వెనుక బల్ల నుంచి ఒక విద్యార్థి లేచాడు. "సార్, నవ్వడం ఎన్ని రకాలో చెప్పారు. నవ్వించేవాడికి ఉద్యోగం ఎవరిస్తారో చెప్పలేదు" అన్నాడు. తరగతి అంతా నవ్వింది. అది ఆరింటిలో ఏ భేదమో నిర్ణయించే స్థితిలో నేను లేను గాని, ఆ ప్రశ్న మాత్రం గంట కొట్టిన తరువాత కూడా నన్ను వదలలేదు. అతని తండ్రి లారీ డ్రైవరు. ఇంట్లో గాని బంధువర్గంలో గాని రచయితలు లేరు. చిత్ర పరిశ్రమలో పరిచయాలు లేవు. అతనికి కలం ఉంది, తరగతిని నవ్వించే నేర్పు ఉంది. ఆ రెండూ ఉన్నవాడు ఏ తలుపు తట్టాలి?

పూర్వం మన కవికి రాజసభ ఉండేది. సభలో ప్రవేశం లభించడమే ఒక గండం. అది గడిచాక సమస్యాపూరణమో, ఆశువుగా పద్యరచనో చేసి తన శక్తిని నిరూపించుకోవలసి వచ్చేది. ఆధునిక యుగంలో ఆ పనిని కొంతవరకు నాటక పోటీలు చేశాయి. 1929లో తెనాలిలో ఆవిర్భవించిన ఆంధ్ర నాటక కళాపరిషత్తు, దాని వెంట వెలసిన ఇతర పరిషత్తులు ఎందరో అపరిచిత రచయితలకు వేదిక కల్పించాయి. తెలుగు చలనచిత్ర హాస్యానికి కొత్త ఒరవడి దిద్దిన జంధ్యాల కూడా మొదట రంగస్థల నాటకకర్తయే. టెలివిజన్ వచ్చిన తరువాత పరిస్థితి మారింది. 2001లో జెమినీ టీవీలో మొదలైన 'అమృతం' ధారావాహిక తెలుగింట వారం వారం నవ్వులు పంచింది. 2013లో ఈటీవీ ప్రారంభించిన 'జబర్దస్త్' మరొక తరహా హాస్యానికి తెర తీసింది. అందులో పేరు పొందిన హైపర్ ఆది మొదట మరొకరి బృందానికి స్క్రిప్టులు రాసి, పిదప తానే బృంద నాయకుడయ్యాడు. అయినా, ప్రకటన ఇచ్చి, ముక్కూ మొహం తెలియని వారి రచనలను ఆహ్వానించి, వాటిని వరుసగా చదివి, ఎన్నికైన వారికి శిక్షణ ఇచ్చే పద్ధతి మన దగ్గర వేళ్లూనలేదు. ఎవరో ఒకరిని ఆశ్రయించి, వారి నీడలో పేరు లేకుండా కొన్నేళ్లు పనిచేయడమే ఆనవాయితీగా నిలిచింది.

టెలివిజన్‌ను మనకంటె ఎంతో ముందుగా అలవాటు చేసుకున్న బ్రిటన్‌లో ఈ ప్రశ్న చాలాకాలం క్రిందటనే తలెత్తింది. అక్కడి బీబీసీ 1922లో రేడియోతో ఆరంభమై, 1936లో టెలివిజన్ ప్రసారాలను మొదలుపెట్టింది. దాని ఖర్చును ప్రధానంగా భరించేది టెలివిజన్ చూసే కుటుంబాలు కట్టే లైసెన్సు రుసుము. ధనికుడూ పేదవాడూ రుసుము కడుతున్నప్పుడు, తెర మీద వినిపించే మాటలు ఒక్క వర్గం వారే రాయడం న్యాయమా అన్న వాదానికి అక్కడ బలం ఉంది. వాస్తవంలో జరిగింది వేరు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో 1883లో స్థాపితమైన 'ఫుట్‌లైట్స్' అనే విద్యార్థి నాటక సమాజం హాస్య రచయితలకు రాచబాటగా మారింది. ప్రపంచ ప్రఖ్యాతి గడించిన 'మాంటీ పైథాన్' బృందం 1969లో తెరకెక్కినప్పుడు ఆరుగురిలో ముగ్గురు కేంబ్రిడ్జి వారు, ఇద్దరు ఆక్స్‌ఫర్డ్ వారు, మిగిలిన ఒక్కరు అమెరికన్. వారి ప్రతిభను శంకించే సాహసం ఎవరూ చేయరు. కాని ఆ విశ్వవిద్యాలయాల గడప తొక్కని వారిలో అంతటి ప్రతిభ ఉంటే అది ఏమైపోవాలి?

ఈ ప్రశ్నకు ఇద్దరు క్షయ రోగుల కథ ఒక సమాధానం. రే గాల్టన్, ఆలన్ సింప్సన్ అనే యువకులు 1948లో సర్రే ప్రాంతంలోని మిల్‌ఫర్డ్ శానిటోరియంలో కలుసుకున్నారు. ఇద్దరికీ ఇరవై ఏళ్లు నిండలేదు. ఆ రోజులలో క్షయ అంటే నెలలూ సంవత్సరాలూ మంచాన్ని అంటిపెట్టుకొని ఉండవలసిన వ్యాధి. కాలక్షేపానికి రోగులే లోపల ఒక చిన్న రేడియో నడుపుకొనేవారు. దాని కోసం వీరిద్దరూ హాస్య ఘట్టాలు రాయడం ప్రారంభించారు. శ్రోతలు తోటి రోగులే. నవ్వితే దగ్గు తెర వచ్చే శ్రోతలను నవ్వించడం కంటె కఠిన పరీక్ష మరొకటి ఉండదేమో!

బయటపడిన తరువాత వారు ఆనాటి ప్రసిద్ధ రచయితల జంట ఫ్రాంక్ మ్యూర్, డెనిస్ నార్డెన్‌లకు సలహా కోరుతూ లేఖ రాశారు. ఏదైనా రాసి బీబీసీ స్క్రిప్టు ఎడిటర్ గేల్ పెడ్రిక్‌కు పంపండని ఆ పెద్దలు సూచించారు. వీరు ఒక చిన్న స్కిట్ పంపారు. పెడ్రిక్ దానిని చదివి, మెచ్చుకొని, వచ్చి కలవమని కబురు చేశాడు. ఇందులో పథకమూ లేదు, ప్రకటనా లేదు. ఇద్దరు పెద్దలు జవాబు రాయడం, ఒక అధికారి అపరిచితుల కాగితాలను ఓపికతో చదవడం, ఇంతే జరిగింది. ఈ రెండింటిలో ఏ ఒక్కటి తప్పినా బ్రిటిష్ హాస్య చరిత్ర మరోలా ఉండేది. తరువాతి కాలంలో వచ్చిన పథకాలన్నీ ఈ యాదృచ్ఛిక సౌజన్యాన్ని ఒక నియమంగా మార్చడానికి జరిగిన ప్రయత్నాలే అని నా అభిప్రాయం.

1954లో వారు రేడియోకు రాసిన 'హాన్‌కాక్స్ హాఫ్ అవర్' రెండేళ్లకే టెలివిజన్‌కు ఎక్కింది. 1961లో బీబీసీ వారికి 'కామెడీ ప్లేహౌస్' పేరిట ఒకదానితో ఒకటి సంబంధం లేని అరగంట నాటికలు రాసే అవకాశం ఇచ్చింది. ఈ శీర్షిక తరువాతి సంవత్సరాలలో ఇతర రచయితలకు కూడా ప్రయోగశాల అయింది. ఒక నాటిక ప్రసారం చేసి చూడటం, జనం ఆదరిస్తే దానినే ధారావాహికగా పెంచడం దాని పద్ధతి. 1962 జనవరిలో ప్రసారమైన 'ది ఆఫర్' అలా పెరిగినదే. పాత ఇనుప సామానూ చింకి గుడ్డలూ పోగుచేసే తండ్రీ కొడుకుల కథ అది. తండ్రిని విడిచి వెళ్లిపోవాలని కొడుకు తన సామానంతా బండికి ఎత్తుతాడు. ముసలి తండ్రి గుర్రాన్ని ఇవ్వడు. కొడుకు తానే బండి లాగబోతాడు. బండి కదలదు. చూసేవాడు నవ్వుతూ నవ్వుతూ గొంతు పట్టేసినట్లు ఆగిపోతాడు. హాస్యానికీ కరుణకూ పొసగదని, అవి విరోధి రసాలని మన ఆలంకారికులు శాసించారు. ఇక్కడ ఆ రెండూ ఒకే కాడి కింద నడిచాయి. ఆ నాటిక నుంచి పుట్టిన 'స్టెప్టో అండ్ సన్' 1974 వరకు సాగింది. 1964 సార్వత్రిక ఎన్నికల నాటి సాయంత్రం అది ప్రసారమైతే తమ కార్మిక వర్గ ఓటర్లు ఇల్లు కదలరని భయపడి, లేబర్ పార్టీ నాయకుడు హెరాల్డ్ విల్సన్ ప్రసార వేళను మార్చవలసిందిగా బీబీసీని కోరడం, బీబీసీ అందుకు సమ్మతించడం ప్రసిద్ధమైన ఉదంతం.

అందరికీ గేల్ పెడ్రిక్ దొరకడు. జాన్ సల్లివన్ జీవితం అందుకు నిదర్శనం. దక్షిణ లండన్‌లోని బాలమ్ ప్రాంతంలో ఒక ప్లంబర్ ఇంట 1946లో జన్మించిన ఆయన పదిహేనవ ఏట, ఏ పరీక్షా ఉత్తీర్ణుడు కాకుండానే చదువు ముగించాడు. అంతకు ముందే ఒక ఆంగ్ల ఉపాధ్యాయుడు డికెన్స్ నవలలను పాత్రకొక కంఠంతో చదివి వినిపించడం ఆ బాలుని మనసులో నాటుకుంది. (ఉపాధ్యాయులు పాఠాన్ని ఎలా చదువుతారన్నది అల్ప విషయం కాదు.) ఆ తరువాత ఆయన సందేశాలు చేరవేశాడు, పాత కార్లు అమ్మాడు, ప్లంబింగ్ పని చేశాడు. రాత్రులు రాసి బీబీసీకి పంపాడు. పంపినవి పంపినట్లే తిరిగి వచ్చాయి. ఇలా ఏళ్లు గడిచాయి.

చివరకు ఆయన ఒక ఉపాయం పన్నాడు. రచనకు లోపలికి ప్రవేశం లేకపోతే రచయిత అయినా ప్రవేశించాలి. 1974 ప్రాంతంలో బీబీసీలోనే రంగాలంకరణ సామగ్రి మోసే పనిలో చేరాడు. పగలు సెట్లు అమర్చుతూ, ఎవరి పంక్తికి స్టూడియో ప్రేక్షకులు నవ్వుతున్నారో, ఎవరి పంక్తి చప్పబడుతోందో పక్కన నిలిచి గమనించాడు. ఒక సాయంత్రం క్లబ్బులో ప్రసిద్ధ నిర్మాత డెనిస్ మెయిన్ విల్సన్‌ను సమీపించి, త్వరలో మనం కలిసి పనిచేయబోతున్నాం గనుక పరిచయం చేసుకుందామని వచ్చాను అని చెప్పాడట! ఆ ధైర్యానికి నిర్మాత ముచ్చటపడ్డాడు. వెంటనే ధారావాహిక చేతికివ్వలేదు, ముందు చిన్న స్కిట్లు రాయమన్నాడు. సల్లివన్ రాసిన స్కిట్లు 'ది టూ రానీస్' అనే జనాదరణ పొందిన కార్యక్రమంలో చోటు చేసుకున్నాయి. 1977లో 'సిటిజన్ స్మిత్' పైలట్ ఎపిసోడ్‌గా వచ్చి ధారావాహిక అయింది. 1981లో 'ఓన్లీ ఫూల్స్ అండ్ హార్సెస్' మొదలయింది. సంతలో సరుకులమ్ముతూ రేపో మాపో లక్షాధికారులమవుతామని కలలు కనే అన్నదమ్ముల కథ అది. తొలి ఏడు దానికి గొప్ప ఆదరణ లభించలేదు. 1996 క్రిస్మస్ కాలంలో ప్రసారమైన ఒక భాగాన్ని 2 కోట్ల 43 లక్షల మంది చూశారు.

సల్లివన్ విజయగాథ చదివి మనం సంతోషిస్తాం. నాకు మాత్రం మరొక ఆలోచన వస్తుంది. సామాను మోసే పని దొరకని సల్లివన్లు, నిర్మాతను పలకరించే ధైర్యం చాలని సల్లివన్లు ఎందరో! వారి కాగితాలు ఏ అటక మీద చెదలు పట్టాయో!

సల్లివన్ స్క్రిప్టులు తిరిగి వస్తున్న ఆ రోజులలోనే బీబీసీ రేడియోలో ఒక తలుపు తెరుచుకొని ఉంది. దాని పేరు 'వీక్ ఎండింగ్'. 1970లో రేడియో 4లో ప్రారంభమై 1998 వరకు నడిచిన ఈ కార్యక్రమం ఆ వారపు వార్తల మీద వ్యంగ్య స్కిట్ల సమాహారం. ఇక్కడ టెలివిజన్ పాఠంలో రేడియో ప్రస్తావన ఎందుకని సందేహం రావచ్చు. బ్రిటన్‌లో టెలివిజన్ హాస్యానికి రేడియోయే ప్రాథమిక పాఠశాల. రేడియోలో సెట్లు అక్కరలేదు, వేషాలు అక్కరలేదు. అందువల్ల ఖర్చు తక్కువ. ఖర్చు తక్కువైన చోట కొత్తవానిని పరీక్షించి చూసే సాహసం ఎక్కువగా ఉంటుంది. 'వీక్ ఎండింగ్' ఎవరు రాసి పంపినా స్వీకరించేది. రాజధానిలో ఉండి వీలు చేసుకోగలిగిన కొత్తవారు రచయితల సమావేశానికి వెళ్లి నిర్మాత ఎదుట కూర్చోవచ్చు. ఎన్నికైన దానికి ప్రసారమైన నిడివిని బట్టి పారితోషికం. ఒక నిమిషం పాటు వినిపించిన స్కిట్‌కు ఒక నిమిషపు సొమ్ము. అంతకంటె ముఖ్యంగా, చివర చదివే పేర్లలో తన పేరు.

ఇది చదువుతున్నప్పుడు నాకు అవధానం గుర్తుకు రాకమానదు. సమస్యాపూరణంలో పాదం పృచ్ఛకునిది, ఛందస్సు ముందే నిర్ణయమైనది, సమయం పరిమితం. ఆ ఇరుకులోనే కవి తన చమత్కారాన్ని చూపాలి. వారపు వార్తలపై స్కిట్ కూడా అటువంటిదే. విషయం పత్రిక ఇచ్చింది. నిడివి నిర్మాత నిర్ణయించాడు. గడువు దాటితే విషయం పాతబడుతుంది. మరునాటికి ఆ నవ్వు చెల్లదు. ఇలా వారం వారం రాసి, నూటికి తొంభై తిరస్కరణకు గురై, మిగిలినవి కూడా కత్తిరింపులకు లోనై రావడం చూసిన రచయితకు తన వాక్యం మీద మమకారం తగ్గుతుంది. హాస్య రచయితకు అది గొప్ప సంపద. లూటన్ పట్టణంలో పత్రికా విలేఖరిగా పనిచేసిన డేవిడ్ రెన్విక్ ఈ కార్యక్రమానికి రాసినవాడే. ఉద్యోగం పోగొట్టుకున్న ఒక వృద్ధుని చిరాకులను ఆయన 1990 నుంచి 2000 వరకు 'వన్ ఫుట్ ఇన్ ది గ్రేవ్'గా తెరకెక్కించాడు. వార్తా కార్యాలయాన్ని రంగస్థలం చేసి 'డ్రాప్ ది డెడ్ డాంకీ' రాసిన ఇద్దరిలో ఒకడైన ఆండీ హామిల్టన్ కూడా ఇక్కడ కలం పదునుపెట్టుకున్నాడు. కార్యక్రమంగా 'వీక్ ఎండింగ్' అంత నవ్వు పుట్టించేది కాదని విమర్శించినవారు లేకపోలేదు. ఆ విమర్శలో నిజం ఉండవచ్చు. నారుమడిని చూసి ధాన్యపు రాశి ఏదని అడగడం వంటిది అది.

1998లో ఆ తలుపు మూతపడింది. 2009లో 'న్యూస్‌జాక్' పేరుతో అటువంటిదే మరొకటి తెరుచుకుంది. ఎవరైనా ఒకటి రెండు పుటల స్కిట్లనో, ఒక్క వాక్యపు చమత్కారాలనో పంపవచ్చు. అది 2021 వరకు నడిచింది. ఇటువంటి ఏర్పాటు ఏదీ శాశ్వతం కాదన్న సంగతి ఈ తేదీలే చెబుతాయి. ఒక అధికారి ఉత్సాహంతో మొదలై, మరొకరి పొదుపుతో ముగుస్తాయి. మధ్యలో ఉన్న పదకొండేళ్ల విరామంలో ఇరవై ఏట అడుగుపెట్టిన రచయిత ముప్పై దాటిపోతాడు.

ఈలోగా 2000లో బీబీసీ 'రైటర్స్‌రూమ్' అనే విభాగాన్ని నెలకొల్పింది. 2023 నుంచి దీని పేరు 'బీబీసీ రైటర్స్'. కొత్త రచయితల కోసమే ప్రత్యేకంగా ఏర్పడిన శాఖ ఇది. నిర్ణీత కాలంలో స్క్రిప్టులు ఆహ్వానిస్తారు. వేల సంఖ్యలో వస్తాయి. అన్నింటినీ ఆసాంతం చదవడం సాధ్యం కాదు గనుక మొదట పది పుటలు చదువుతారు. అవి ఆకట్టుకుంటే మిగిలినవి చదువుతారు. ఇలా కొన్ని వడపోతల అనంతరం మిగిలిన కొద్దిమందికి శిక్షణ, అనుభవజ్ఞుల మార్గదర్శకత్వం, నిర్మాతలతో పరిచయం లభిస్తాయి.

పది పుటలే చదువుతారా అని ఆగ్రహించవలసిన పని లేదు. ప్రబంధం తెరిచిన పాఠకుడు కూడా అవతారిక దాటకముందే కవి శక్తిని పసిగడతాడు. టెలివిజన్ స్క్రిప్టులో ఒక పుట ఇంచుమించు ఒక నిమిషం. పది పుటలంటే పది నిమిషాలు. చేతిలో రిమోట్ పట్టుకున్న ప్రేక్షకుడు పది నిమిషాలు ఓపిక పట్టడమే గొప్ప.

ఆ పది పుటలలో ఏమి ఉండాలి? ఒక ఊహను తీసుకొందాం. ఒక చిన్న పట్టణపు ఆర్టీసీ బస్టాండులో విచారణ కౌంటరు. అక్కడ ఇద్దరు ఉద్యోగులు. ఒకరు మరో ఏడాదిలో పదవీ విరమణ చేయబోయే పెద్దాయన. జిల్లాలోని ప్రతి బస్సు వేళా ఆయనకు కంఠస్థం. మరొకరు కొత్తగా చేరిన అమ్మాయి. ఆమెకు ఇంకా పెద్ద ఉద్యోగం వస్తుందన్న నమ్మకం, అంతవరకే ఇక్కడ ఉంటానన్న పట్టుదల. కొత్త రచయిత సామాన్యంగా ఏమి చేస్తాడు? బస్టాండును వర్ణిస్తాడు. పెద్దాయన భార్యాబిడ్డలను పరిచయం చేస్తాడు. అమ్మాయి చదివిన డిగ్రీ గురించి చెప్పిస్తాడు. నడుమ నాలుగు పాత జోకులు చొప్పిస్తాడు. పది పుటలు అయిపోతాయి, కథ ఇంకా బయలుదేరదు. నేర్పరి అయితే మొదటి పుటలోనే ఒక ప్రయాణికుని కౌంటరు దగ్గరకు పంపుతాడు. పెద్దాయన గొంతు సవరించుకొని సిద్ధంగా ఉంటాడు. ప్రయాణికుడు మూత్రశాల ఎక్కడని అడుగుతాడు. రెండో ప్రయాణికుడూ అదే అడుగుతాడు. ముప్పై ఏళ్లు బస్సు వేళలు కంఠస్థం చేసిన మనిషిని ఆ రోజు ఉదయం నుంచి ఎవ్వరూ బస్సు గురించి అడగలేదు. అమ్మాయి కాగితం మీద బాణం గుర్తు గీసి అద్దానికి అంటిస్తుంది. ఇక ఆయనను ఎవరూ ఏదీ అడగరు. ఆయన నిశ్శబ్దంగా లేచి, ఆ కాగితాన్ని చించివేస్తాడు. ఇద్దరికీ యుద్ధం మొదలయింది. ఎవరి జీవిత చరిత్రా చెప్పలేదు, అయినా ఇద్దరూ మనకు తెలిసిపోయారు.

ధారావాహిక హాస్యానికి ప్రాణం ఈ నిర్బంధమే. పాత్రలు ఒకరినొకరు భరించలేరు, విడిచి పోనూలేరు. స్టెప్టో కుమారుని బండి కదలదు. మన అమ్మాయికి బదిలీ రాదు. పాత్రలను అలా కట్టిపడేయడం తెలిసిన రచయితకు నూరు భాగాలకు సరిపడా కథలు వాటంతట అవే దొరుకుతాయి. అది తెలియనివాడు భాగానికొక కొత్త మనిషిని అతిథిగా తెచ్చుకొని అవస్థపడతాడు. చదివేవారు పది పుటలలో వెదికేది ప్రధానంగా ఈ కట్టునే. ఎన్ని చమత్కారాలు ఉన్నాయన్నది ఆ తరువాతి లెక్క.

ఇటీవలి కాలంలో కొందరు దివంగత హాస్యవేత్తల పేరిట ఉపకారవేతనాలు కూడా వచ్చాయి. 'ది రాయిల్ ఫ్యామిలీ' సృష్టికర్తలలో ఒకరైన కారొలిన్ ఆహెర్న్ 2016లో మరణించగా, ఆమె పేరిట ఉత్తర ఇంగ్లండుకు చెందిన హాస్య రచయిత్రుల కోసం ఒకటి ఏర్పాటు చేశారు. గాల్టన్, సింప్సన్‌ల పేరిట మరొకటి వచ్చింది. సలహా కోరుతూ ఉత్తరం రాసిన ఇద్దరు రోగుల పేరు ఆ విధంగా కొత్తవారి ఉత్తరాలు అందుకుందన్నమాట.

అమెరికాలో ఈ పథకాల తీరు కొంత భిన్నం. అక్కడ హాస్య ధారావాహికను సాధారణంగా పది పన్నెండు మంది రచయితలు ఒకే గదిలో కూర్చొని కలిసి రాస్తారు. కనుక పథకాల లక్ష్యం ఒక స్క్రిప్టును తెరకెక్కించడం కాదు, ఆ గదిలో ఒక కుర్చీ సంపాదించి పెట్టడం. ఎన్‌బీసీ సంస్థ అల్పసంఖ్యాక వర్గాల రచయితలకోసం నడిపిన పథకం ద్వారా భారతీయ సంతతికి చెందిన మిండీ కేలింగ్ 2004లో 'ది ఆఫీస్' రచయితల బృందంలో చేరింది. అప్పటికి ఆమె వయస్సు 24. ఎనిమిది మంది బృందంలో ఆమె ఒక్కతే స్త్రీ. అంతకుముందే తన స్నేహితురాలితో కలిసి రాసి నటించిన నాటకం న్యూయార్క్‌లో పేరు తెచ్చుకుంది. అయినప్పటికీ తాను పథకం ద్వారా వచ్చినదాన్నన్న సంకోచం ఆమెను చాలాకాలం వెంటాడిందట. ఇతరులకు పరిచయాల వల్ల, బంధుత్వాల వల్ల లభించే ప్రవేశం తనకు పథకం వల్ల లభించిందని, అందులో చిన్నబోవలసింది లేదని ఆమె తరువాత గ్రహించి బహిరంగంగానే చెప్పింది. ఆ ధారావాహికకు ఆమె ఇరవైకి పైగా భాగాలు రాసింది. పథకం ఆమెకు ఇచ్చింది కుర్చీ. ఆ ఇరవై భాగాలు ఆమె స్వార్జితం.

ఈ పథకాలను ఆకాశానికి ఎత్తడం నా ఉద్దేశం కాదు. వేల మంది పంపితే పదుల సంఖ్యలో ఎంపికవుతారు. ఎంపికైన వారందరి రచనలూ తెరకెక్కవు. శిక్షణ ముగిసిన మరునాడు రచయిత మళ్లీ ఒంటరివాడే. ఇంటి అద్దె కట్టుకోవలసినవాడు ఆ సాధనకు కావలసిన తీరికను ఎక్కడి నుంచి తెచ్చుకుంటాడన్న ప్రశ్నకు పథకాలు పూర్తి సమాధానం చెప్పలేకపోయాయి. వీక్ ఎండింగ్ సమావేశాలకు వెళ్లగలగడం లండన్‌లో ఉన్నవారికే సుకరం. ఎంపిక చేసేవారి అభిరుచి ఒకే మూసలో ఉంటే, ఆ మూసకు తగిన రచనలే వస్తాయన్న ఆరోపణా ఉంది. ఇవన్నీ నిజమే. అయినా తిరస్కరించడానికైనా సరే, అపరిచితుని కాగితాన్ని ఒకరు తప్పక తెరిచి చదువుతారన్న హామీ చిన్నది కాదు. మన దగ్గర లేనిది ఆ హామీయే. దానిని కల్పించడానికి పెద్ద ధనమేమీ అక్కరలేదు. కొన్ని ఛానళ్లు ఏడాదికి ఒక నెల తలుపు తెరిచి ఉంచితే చాలు. ఆకాశవాణి కేంద్రాలు, నాటక పరిషత్తులు, కళాశాలల తెలుగు శాఖలు చేయి కలిపితే అది అసాధ్యమైన పని కాదు.

వెనుక బల్ల విద్యార్థికి ఇదంతా ఒక్కసారిగా చెప్పలేదు. గాల్టన్, సింప్సన్‌ల కథ చెప్పి, నీ దగ్గర రెండు పుటలు ఉంటే తీసుకొని రమ్మన్నాను. పది రోజుల దాకా కనిపించలేదు. ఆ తరువాత ఒక సాయంత్రం స్టాఫ్ రూములోకి వచ్చి, మడిచిన కాగితాలు బల్ల మీద పెట్టి, ఏమీ అనకుండా పక్కన నిలబడ్డాడు. తండ్రి నడిపే లారీ, టోల్‌గేటు, చిల్లర లేదనే గుమాస్తా అందులోని సరంజామా. చదవడం మొదలుపెట్టాను. ఏడవ పంక్తి దగ్గర నవ్వు వచ్చింది. ఎర్ర సిరా కలం తీసి, మొదటి ఆరు పంక్తులు కొట్టివేసి, కాగితాలు అతనికి తిరిగి ఇచ్చాను.

అభ్యాసం

1. 'వీక్ ఎండింగ్' కార్యక్రమానికీ, అవధానంలోని సమస్యాపూరణానికీ రచయిత చూపిన పోలికను వివరించండి.
2. జాన్ సల్లివన్ బీబీసీలో ప్రవేశించిన విధానాన్ని మీ మాటలలో రాయండి.
3. హాస్యం, కరుణ విరోధి రసాలన్న సిద్ధాంతం 'ది ఆఫర్' నాటిక విషయంలో ఎలా సడలింది?
4. కొత్త రచయితల పథకాలలోని లోపాలుగా రచయిత పేర్కొన్నవి ఏవి? వాటితో మీరు ఏకీభవిస్తారా?
5. బస్టాండులోని విచారణ కౌంటరు ఆధారంగా రెండు పుటలకు మించకుండా ఒక హాస్య ఘట్టాన్ని రచించండి.